పైకప్పు లేని చీకటి

పోయిన వారం మనం సదానందాన్ని అతీక్ నెట్ సెంటర్లో, నాలుగో కేబిన్లో, నక్షత్రాల మధ్య వదిలేసి వచ్చాం. సరిగ్గా అదే వేళకు లక్ష్మీనగర్ సందు మలుపులో అతని భార్య జమున ఆటో దిగడం కూడా చూశాం. చేతిలో గుడ్డసంచి ఉంది. ముఖంలో ఏముందో మాత్రం చూడలేదు. మధ్యలో ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

సదానందం గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో సపోర్టుమన్. అంటే బొగ్గు తీసిన చోట దుంగలు నిలబెట్టి, పైకప్పు కూలకుండా చూసేవాడు. ఇరవయ్యొక్క ఏళ్ళ సర్వీసు. మొన్న ఆగస్టులో కప్పు కూలి, అతనూ, జోడీదారు పోశమూ రాళ్ళ వెనుక పదకొండు గంటలు ఇరుక్కుపోయారు. పోశానికి ఎడమ కాలు పోయింది, ప్రాణం దక్కింది. ఆ పదకొండు గంటలూ మాట్లాడిస్తూ పోశాన్ని బతికించాడని కాలనీ అంతా సదానందానికి దండలు వేసింది. గాయాల సెలవు అయిపోయేసరికి సకల జనుల సమ్మె వచ్చి గనులన్నీ ఆగిపోయాయి. సమ్మె ముగిశాక అందరితోపాటు అతనూ సద్దిగిన్నె పట్టుకుని బాయి మీదికి వెళ్ళాడు. ఇక్కడివాళ్ళు గనిని బాయి అనే అంటారు. లోపలికి దిగే దారి దగ్గర నిలబడ్డాడు. కాళ్ళు కదలలేదు. ఆ రోజు మొదలు మూడు వారాలుగా పొద్దున్నే డ్యూటీకని బయల్దేరి, తిన్నగా అతీక్ దగ్గరికి వచ్చి, షిఫ్టు అయ్యేదాకా ఆకాశంలో తిరుగుతున్నాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియదని అతననుకుంటున్నాడు.

కేబిన్ అంటే పెద్దగా ఏమీ ఊహించుకోకండి. మూడు వైపులా ప్లైవుడ్ చెక్క, నాలుగో వైపు పాత చీర పరదా. కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు చెక్కకు తగులుతాయి. గనిలో మనిషి నిలబడి నడిచేంత దారిలోకి అడుగు పెట్టలేనివాడు ఈ డబ్బాలో ఎనిమిది గంటలు ఎలా కూర్చుంటున్నాడని మీరడగవచ్చు. అతను డబ్బాలో ఉంటే కదా!

సమ్మె రోజుల్లో, చేయడానికి పనిలేక నెట్ సెంటర్ మెట్ల మీద కూర్చున్నవాణ్ణి పిలిచి అతీక్ ఈ ఆట చూపించాడు. ఇందులో ఎవరినీ కాల్చనక్కర్లేదు, ఎవరితోనూ పందెం లేదు. ఒక చిన్న నౌక ఇస్తారు. పటం నిండా లెక్కలేనన్ని చుక్కలు. ఇంతకుముందు వెళ్ళిన చుక్క పచ్చగా ఉంటుంది, వెళ్ళనిది బూడిదరంగులో ఉంటుంది. ఎటు పోతావో నీ ఇష్టం. మొదట్లో సదానందం నౌకను రేవులోకి తీసుకుపోవడానికే మూడు రోజులు తంటాలు పడ్డాడు. ఆ రేవు ఆకాశంలో గుండ్రంగా తిరుగుతుంటుంది. దాని తిరుగుడుకు మన తిరుగుడు కలిపి, సన్నటి సందులోంచి లోపలికి జారాలి. పందొమ్మిదిసార్లు గుద్ది నౌకను తుక్కు చేశాడు. ఇరవయ్యోసారి గీత పడకుండా దూరింది. ఆ రోజు అతను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొడితే పక్క కేబిన్లో పరీక్ష ఫలితాలు చూసుకుంటున్న పిల్ల ఉలిక్కిపడింది. ఆ తర్వాత అతనికి రేవులూ అక్కరలేకపోయాయి. ఎవరూ పోని చుక్కల వైపే పోయేవాడు. దిగి, అక్కడి రాయి ఏ రకమో ముందే తను చెప్పుకుని, తర్వాత యంత్రంతో చూసుకునేవాడు. పదిలో ఏడుసార్లు అతను చెప్పిందే నిజమయ్యేది. చీకటి అతనికి కొత్త కాదు. చీకటికి కప్పు లేకపోవడమే కొత్త. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి ఒంటినిండా హాయిగా ఊపిరి అందేది.

ఇవాళ పొద్దున అతను ఎనిమిది రోజుల ప్రయాణం చేసి పటం అంచున ఒక తెల్లటి చిన్న చందమామ దగ్గరికి చేరాడు. దానికి చుట్టూ పలచటి వలయం ఉంది. నౌకను మెల్లగా దించుతున్నాడు. అప్పుడు ముందు గదిలో అతీక్ గొంతు కాస్త ఎక్కువగానే వినిపించింది.

"అరే వదినా! మీరిట్ల వచ్చిన్రేంది? ఇయాల కరెంటు లేదు, సెంటర్ బంద్."

"కరెంటు లేకనే గా ఫ్యాను తిరుగుతున్నదా అతీకూ?"

"అదీ... ఇన్వర్టరు వదినా. సదన్న అయితే ఇక్కడ లేడు."

"నేను నీ సదన్నను అడగనే లేదు కద."

అతీక్ మంచివాడే కానీ అబద్ధానికి పనికిరాడు. సదానందం పరదా వైపు తిరిగేలోపే పరదా పక్కకు జరిగింది. జమున చెమటతో నిలబడి ఉంది. ముందు అతన్ని చూసింది, తర్వాత తెరను చూసింది, మళ్ళీ అతన్ని చూసింది.

"డ్యూటీ అయిపోయిందా?" అంది. గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలైంది.

"షిఫ్టు మారింది జమునా. సెకండ్ షిఫ్టు. గందుకే కొద్దిసేపు ఇట్ల..."

"సెకండ్ షిఫ్టుకు పొద్దుగాల ఆరింటికే సద్ది కట్టించుకొని పోతరా?"

"బాయిల నీళ్ళొచ్చినయి. అందర్ని పైకి పంపిన్రు."

"అట్లనా. మోటర్లు పెట్టిన్రా మరి?"

"ఆ, పెట్టిన్రు."

ఆమె ఇంకేమీ అనకుండా గుడ్డసంచిలోంచి అతని డ్యూటీ అంగీ తీసి, అతని ఒళ్ళో వేసింది. మొన్న శనివారం ఉతకడానికి విడిచినదే. ఇంకా ఉతకలేదు.

"గిది ఎవరిది?"

"నాదే. చూడరాదు ఎట్లుందో, బొగ్గు బొగ్గు."

ఈ బొగ్గు సంగతి మనకు తెలుసు. ప్రతి శనివారం సదానందం క్వార్టర్ వెనక్కి వెళ్ళి, పొయ్యి కోసం పోసుకున్న కుప్పలోంచి ఒక పెళ్ళ తీసి, రాయితో దంచి, ఆ పొడి అంగీకి పూస్తున్నాడు. మెడపట్టీకి, చంకల్లో, మోచేతుల దగ్గర, ఎక్కడెక్కడ పట్టాలో అక్కడంతా శ్రద్ధగా పూసి, ముచ్చటపడి చూసుకున్నాడు కూడా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

"మరి సున్నం ఏది?" అంది జమున.

సదానందానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. గనిలో బొగ్గు ధూళికి నిప్పంటుకోకుండా గోడల నిండా, దారి పొడవునా తెల్లటి రాతిపొడి చల్లుతారు. దాన్ని ఆడవాళ్ళు సున్నమనే అంటారు. ఇరవయ్యొక్క ఏళ్ళు ఆ పొడిలో తిరిగినవాడు దాన్ని మరిచిపోయాడు. రోజూ తొడుక్కునేవాడికి అది కనబడదు, ఉతికేదానికి కనబడుతుంది.

"బాయిలకెళ్ళి వచ్చిన అంగీ నానేస్తే ముందుగాల తెల్లనీళ్ళొస్తయి, తర్వాత నల్లనీళ్ళొస్తయి. ఇరవయ్యొక్క ఏండ్ల సంది ఉతుకుతున్న, నాకు తెల్వదా? మూడు వారాల సంది ఒక్కటే నలుపు. చెమట వాసన సుత లేదు. అంగీకి బొగ్గు పూస్తివి, చెమట యాడికెళ్ళి తెస్తవయ్యా?"

"నీకు మూడు వారాల సంది తెలుసా?"

"మొదటి ఉతుకుడుకే తెలిసింది."

"మరి ఎందుకు అడగలే?"

"నువ్వే చెప్తవని చూసిన. నీ ఎన్క వచ్చి నువ్వు ఈడ దూరుడు సుత చూసిన. మొన్న నువ్వు కూసొని బొగ్గు దంచుతుంటే కిటికీలకెళ్ళి చూసిన. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే."

సదానందం తల వంచుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది. తిట్టుకు తిట్టు జవాబుంటుంది, లేదా పరదా తోసుకుని బయటికి పోవచ్చు. ఈ మెత్తటి గొంతు ముందు ఎటూ పోవడానికి లేదు. అతనికి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, మూడు వారాలుగా తనతోపాటు ఆమె కూడా ఈ అబద్ధాన్ని మోసిందని తెలిసి బాధేసింది.

జమున పక్క కేబిన్ నుంచి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ డబ్బాలో ఇద్దరు పట్టరు, అయినా పట్టారు.

"గిదేంది?" అంది తెర వైపు గడ్డం చూపించి.

"ఆట."

"ఆటనే అని కనపడుతుంది. ఏమాట? గా తెల్లది ఏంది?"

ఈ మూడు వారాల్లో ఆ మాట అతన్ని అడిగినవాళ్ళు లేరు. అతను కుర్చీలో ముందుకు జరిగాడు. గొంతు సన్నగా మొదలై మెల్లమెల్లగా లేచింది. "అది చందమామ. మన చందమామ కాదు, వేరేది. గిక్కడికి ఇంతవరకు ఎవరూ రాలే జమునా. నేనే ఫస్టు. ఇగో చూడు, దిగుతున్న." నౌక మంచు మీదికి పూల మీద సీతాకోకచిలుక వాలినంత మెత్తగా వాలింది. తెల్లటి పొడి లేచి, చాలాసేపటికి గాని కిందికి దిగలేదు. పైన ఆకాశమంతా చుక్కలు. వలయం ఒక కొస నుంచి ఇంకో కొసకు వంతెనలా పరుచుకుంది.

జమున నోరు తెరుచుకుని చూసింది. "మన గోదారిఖని యాడున్నది?"

అతను పటం తెరిచి వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి జరిపాడు. చివరికి ఒక చుక్క చూపించాడు. "గిది మన సూర్యుడు. మనం దాని పక్కన్నే. ఈడికెళ్ళి కనపడం."

"అబ్బో! గంత దూరం పోయినవా? సద్ది గిట్ల సరిపోయిందా?"

అతను నవ్వాడు. ఎన్ని రోజులకు నవ్వాడో! ఆమె కూడా నవ్వింది. కాసేపు ఆ ఇద్దరూ ప్లైవుడ్ డబ్బాలో భుజానికి భుజం ఆనించి, ఎవరూ చూడని చందమామను చూశారు. అతనికి ఆ క్షణంలో ఏ భయమూ లేదు.

"గిక్కడ పైన ఏం లేదు జమునా," అన్నాడు. "కప్పు తట్టి చూసుడు లేదు. ఎటు చూసినా ఖాళీ. పానం మంచిగుంటది."

"ఆడుకో. వద్దని ఎవరన్నరు? ఇంట్లనే కంప్యూటరు పెట్టుకుందం. ఇగ నువ్వు బాయి దిగేది లేదు." ఆమె సంచిలోంచి ఒక పొడుగాటి కవరు తీసింది. ఎంతో దాచి తెచ్చిన కానుక ఇచ్చినట్టు అతని చేతిలో పెట్టింది. "మెడికల్ అన్‌ఫిట్‌కు పెట్టిన. కొత్తగూడెంల బోర్డు. గురువారం రమ్మన్నరు."

సదానందం కవరు తెరిచాడు. తన పేరు, తన నంబరు, కింద తన సంతకం. ఆ సంతకం తను పెట్టలేదు.

"నేనే పెట్టిన," అంది జమున. "పిలగాని బడి కాయితాల మీద, గ్యాసు బుక్కు మీద ఇన్నొద్దులు నీ సంతకం ఎవరు పెట్టిన్రు? నువ్వు పొద్దున షిఫ్టుల ఉంటివి, రాత్రి షిఫ్టుల ఉంటివి. యూనియన్ ఆఫీసుల ఉండే మన పక్కింటి సారక్క మొగడే అంత రాసిండు. నువ్వు అన్‌ఫిట్ అయితే నౌకరి మన పిలగాడు కొమురెల్లికొస్తది. పోరడు ఐటీఐ చేసి ఏడాది సంది ఖాళీగ తిరుగుతుండు. ఆనికి చెప్తే ఎంత సంబురమనుకున్నవ్! పాపం పోశన్నకు కాలు పోయింది, నీకు ధైర్యం పోయింది. పోతే పోయింది. ఇంట్ల కొడుకున్నడు."

సదానందం ఆమె ముఖంలో వెలుగు చూశాడు. ఈ మనిషి ఇరవై రోజులు లోపల్లోపల కుమిలి, ఎవరెవరినో బతిమాలి, తనను బాయిలోంచి బయటికి లాగింది. లాగడానికి పట్టుకున్న తాడు మాత్రం కొడుకు మెడకు వేసింది.

ఎటు చూసినా దారి కనబడలేదు. బోర్డు ముందు దిగలేనంటే కొమురెల్లి దిగుతాడు. దిగగలనంటే మర్నాడే తను దిగాలి. ఆ సంతకం నాది కాదంటే జమున దొరికిపోతుంది. ఏమీ అనకుండా ఈ డబ్బాలో కూర్చుంటే నాగాలు పెరిగి, చార్జిషీటు వచ్చి, నౌకరీ క్వార్టరూ రెండూ పోతాయి. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు. సదానందానికి ముందూ వెనుకా ఒక్కటే బాయి.

"కొమురెల్లి దిగొద్దు," అన్నాడు.

"అందరి పిల్లలు దిగుతలేరా? ఆగస్టుల అయింది మన ఖర్మ. ప్రతిసారి అట్లయితదా?"

"ఖర్మ కాదే!" గట్టిగానే అరిచాడు. ముందు గదిలో మాటలు ఆగిపోయాయి. అతను గొంతు తగ్గించి, తెర వైపు చూస్తూ చెప్పాడు. ఆమె వైపు చూస్తూ చెప్పే ధైర్యం అతనికి లేదు.

"కప్పు తట్టి చూసుడు నా పని. ఇనుప రాడుతోని తడ్తం. ఖంగుమంటే గట్టిదన్నట్టు. బోలుగ మోగితే ఆడికి మనిషిని పోనియ్యొద్దు. ఆ దినం మూడుసార్లు తట్టిన. మూడుసార్లు ఖంగుమన్నది. పోశం రాలే. దూరంగ నిలబడి, 'సదన్నా, నాకెందుకో మంచిగ అనిపిస్తలేదు' అన్నడు. నేను నవ్విన. 'ఇరవై ఏండ్ల చెవి రా ఇది, నమ్మకం లేదా' అన్న. మొగోనివి కాదా అన్న. నేనే చెయ్యి పట్టి గుంజుకొచ్చి గా కప్పు కింద నిలబెట్టిన. దుంగ ఎత్తుతుంటే కూలింది."

జమున తెర మీంచి కళ్ళు తిప్పి అతన్ని చూసింది.

"పదకొండు గంటలు పోశం నన్ను ఒక్కమాట అనలే. బయటికొచ్చినంక ఎవరికీ చెప్పలే. నేను సుత చెప్పలే. దండలేసిన్రు, ఏయించుకున్న. నస్పూర్ల వాళ్ళ అక్క ఇంట్ల పండుకొని ఉన్నడు, ఒక్కసారి పోయి చూడలే. ఏ ముఖం పెట్టుకొని పోవాలె?" అతని వేళ్ళు కవరును నలిపేస్తున్నాయి. "దిగాలంటే నాకు చావుకు భయం లేదు జమునా. ఇంకొకన్ని కప్పు కింద నిలబెట్టుడుకు భయం. నువ్వు చెప్పు, రేపు కొమురెల్లికి కప్పు ఎవరు తడ్తరు? నాసొంటోడే కద!"

జమున అతని ఒళ్ళోంచి అంగీ తీసుకుని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మూడు నెలలు పక్కన పడుకుని ఈ మాట చెప్పని మొగుడి మీదా, ఇంతా విని కూడా అతన్ని అసహ్యించుకోలేని తన మీదా?

"కాయితం వాపస్ తీసుకుందం," అంది చివరికి.

"తీసుకుంటే నేను దిగాలె. ఈ వారంలనే."

"మరి ఎట్లయ్యా?"

జవాబు ఉంటే అతను మూడు వారాలు ఇక్కడ కూర్చునేవాడే కాదు.

అప్పుడు బయట ధన్‌ధన్‌మని అడుగుల చప్పుడు వినిపించింది. జమున నుదురు కొట్టుకుంది. బోర్డు కాయితాల కోసం పక్క స్టూడియోలో ముగ్గురూ కలిసి ఫోటో దిగాలని, పదిన్నరకు రమ్మని కొడుక్కి తనే చెప్పింది. పరదా పక్కకు జరిపి కొమురెల్లి తల లోపల పెట్టాడు. పందొమ్మిదేళ్ళ వాడు, మీసం ఇంకా పూర్తిగా రాలేదు. ముఖమంతా నవ్వే.

"బాపూ, చూడు!"

కిందికి చూశారు. వాడి కాళ్ళకు డ్యూటీ బూట్లున్నాయి. పాతవి శిథిలాల్లో పోయాయని కంపెనీ సదానందానికి ఇచ్చిన కొత్త జత, అటక మీద డబ్బాలోనే ఉన్నవి.

"నీ కాలు నా కాలు ఒక్కటే సైజు. సరిగ్గ సరిపోయినయి." వాడు నేల మీద రెండుసార్లు తొక్కి చూపించాడు. "బోర్డుల ఒక్కటే ముచ్చట అడుగుతరట, దిగుతవా దిగవా అని. దిగనని చెప్పు బాపూ, గంతే. తర్వాతది నేను జూస్కుంట. నాకేం ఫికర్ లేదు. పోశం కాకను బతికించినోని కొడుకును నేను."

జమున కొడుకు భుజం పట్టుకుని ఏదో చెప్పబోయింది. వాడు ఆగితే కదా.

"అరే, మరిచిన! పోశం కాక సుత వచ్చిండు. ఆటోల తీసుకొచ్చిన. నస్పూర్ పోయి నౌకరి ముచ్చట చెప్తే, బట్టలు సుత మార్చుకోకుంట లేచిండు. మీ బాపును బోర్డుకు ముందే కలవాలె, జల్ది తీస్కపో అన్నడు."

సదానందం లేచి నిలబడ్డాడు. వెనుక గోడ, ముందు కొడుకు. పోవడానికి చోటు లేదు. గుమ్మంలో అతీక్ ఎవరికో చెయ్యి ఆసరా ఇస్తున్నాడు. చంకకర్రల మీద ఒరిగి, ఒక్కో అడుగూ వేస్తూ, సగానికి సగం చిక్కిపోయిన పోశం లోపలికి వచ్చాడు. మూడు నెలల తర్వాత ఇద్దరూ ఎదురుపడ్డారు. సదానందం చేతులు జోడించబోయాడు. పోశం అతని వైపు చూడనే లేదు. కొమురెల్లి కాళ్ళ వైపు చూస్తున్నాడు.

"కాకా, కూసో," అన్నాడు కొమురెల్లి స్టూలు జరుపుతూ.

పోశం కూర్చోలేదు.

"ముందుగాల గా బూట్లు ఇప్పు బిడ్డా," అన్నాడు. "నువ్వు ఇప్పినంకనే నేను నోరిప్పుత."